కలం కూడా ఖరాద్ మీద పుట్టిందే

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి మాట్లాడమన్నప్పుడు ఏ విషయం మీదండీ అని అడిగాను. "మాస్టారూ, మూడేళ్ళుగా మన సభలో పిల్లలకిచ్చే చెక్క పెన్నులు మీరే చేసి ఇస్తున్నారు. అవి ఎలా చేస్తారో చెప్పండి, చాలు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. చదువుల గురించి, వైద్యం గురించి మాట్లాడుకునే సభలో ఒక రిటైరైన కామర్స్ లెక్చరర్ కాలక్షేపం ఎవరికి కావాలి? అయితే ఆ రాత్రి ఆలోచిస్తే, ఈ కాలక్షేపం వెనక నేను యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉందని గుర్తొచ్చింది. అది చెప్పాలంటే ఇంతకంటే తగిన సభ నాకు దొరకదు. అందుకని ఒప్పుకున్నాను.

మా అబ్బా తరిమెన పనివారు. ఇంట్లో మేము ఖరాద్ అనేవాళ్ళం, బజారులో తరిమెన అనేవారు, ఇప్పటి పిల్లలు లేత్ అంటారు. మూడూ ఒకటే. చెక్క ముక్కను రెండు మొనల మధ్య బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే సాధనం. మా అబ్బా దాని మీద మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, అప్పడాల కర్రలు, కవ్వాలు, బొంగరాలు చేసేవారు. రంజాన్ ముందు తస్బీహ్ పూసలు చేసేవారు.

మా కొట్టులో చాలాకాలం కరెంటు లేదు. తిరిగే ఇరుసుకు తాడు రెండు చుట్లు వేసి, ఎదురుగా కూర్చున్న మనిషి అటూ ఇటూ లాగాలి. ఆ మనిషిని నేనే. తాడు ఒక వైపు లాగినప్పుడు చెక్క పనివాడి వైపు తిరుగుతుంది. ఉలి అప్పుడే ఆనించాలి. రెండో వైపు లాగినప్పుడు ఉలిని కొంచెం వెనక్కి తీసి ఆగాలి. కోయడం, ఆగడం, కోయడం, ఆగడం. లాగేవాడి తీరు తప్పితే పనివాడి ఉలి తప్పుతుంది. బడి నుంచి రాగానే గంటా గంటన్నర లాగేవాణ్ణి. ఆటకు పోవాలన్న తొందరలో గబగబా లాగితే "నిదానంగా బేటా, ఒకే తీరుగా" అనేవారు. అంతకుమించి కోప్పడింది లేదు.

హైస్కూల్లో చేరినప్పుడు ఒక ఫారం నింపాల్సి వచ్చింది. తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. నా పక్కన కూర్చున్న పిల్లవాడు "ఉద్యోగం" అని రాశాడు, ఇంకొకడు "వ్యవసాయం" అని రాశాడు. నేను కాసేపు చూసి "వ్యాపారం" అని రాశాను. అబ్బాకు చదవడం రాదు. ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయమని అడిగితే "నా పని ఏమని రాశావు?" అన్నారు. చెప్పాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా వేలిముద్ర వేశారు. బొటనవేలికి లక్క అంటుకుని ఉంది. ఆ ఎర్ర మరక ఫారం మీద పడింది. స్కూల్లో మాస్టారు ఏమంటారోనని నేను దాన్ని రబ్బరుతో చెరపాలని చూశాను. అది పోలేదు.

పదో తరగతి పాసైన ఏడాది అబ్బా నాకొక పెన్ను ఇచ్చారు. రాజమండ్రి వెళ్ళే మనిషికి డబ్బిచ్చి తెప్పించారు. నల్లగా, లావుగా, చేతికి నిండుగా ఉండే ఎబొనైట్ పెన్ను. ఇచ్చేముందు క్యాప్ విప్పి, మరల మీద గోరు పెట్టి మెల్లగా తిప్పి చూసి "ఇదీ ఖరాద్ మీద పుట్టిందే బేటా" అన్నారు. ఆయనకు ప్రపంచమంతా ఖరాద్ లాగే కనిపిస్తుంది కాబోలు అనుకున్నాను. ఆ పెన్నుతోనే డిగ్రీ రాశాను, ఉద్యోగంలో చేరాను. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదికే అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఖరాద్‌ను తెలిసినవాళ్ళెవరికో ఇచ్చేశాం. నేను అడ్డు చెప్పలేదు.

తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు జమా ఖర్చులు చెప్పాను. రిటైరయ్యాక, అమెరికాలో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకరు చూడటానికి వచ్చి చెక్క పెన్ను ఒకటి చేతిలో పెట్టాడు. "ఎక్కడ కొన్నావు నాయనా?" అంటే "కొనలేదు సార్, మా ఇంటి గ్యారేజీలో నేనే లేత్ మీద చేశాను. అక్కడ ఇది చాలామందికి హాబీ" అన్నాడు. అతను వెళ్ళాక బీరువాలోంచి మా అబ్బా ఇచ్చిన నల్ల పెన్ను తీసి, భూతద్దం పెట్టి చూశాను. క్యాప్ లోపలి అంచున సన్నటి వలయాలు కనిపించాయి. తిరుగుతున్న కడ్డీ మీద ఉలి నడిచిన జాడలవి. మా అబ్బా కంటితో చూసి చెప్పిన మాట నాకు అర్థం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. కొన్ని సంగతులు మీకూ చెబుతాను.

మన రాజమండ్రి పెన్నుల కథ స్వదేశీ ఉద్యమం నాటిది. విదేశీ పెన్నులకు బదులు ఇక్కడే పెన్ను తయారుచేయాలని కె.వి. రత్నంగారు పూనుకున్నారు. ఆయన పంపిన పెన్నును గాంధీజీ వాడి చూసి, బాగుందని మెచ్చుకుంటూ 1935లో ఉత్తరం రాశారు. రబ్బరును గంధకంతో కలిపి, వేడిచేసి గట్టిపరిస్తే ఎబొనైట్ వస్తుంది. ఆ కడ్డీని లేత్‌కు బిగించి లోపల తొలిచి, బయట నునుపు చేసి, మరలు కోసి పెన్ను చేస్తారు. అంటే మన తాతలు గౌరవంగా జేబులో పెట్టుకున్న పెన్ను తరిమెన పనివాడి చేతిలోంచి వచ్చిందే.

ఇంకా వెనక్కి వెళితే ఆశ్చర్యం కలుగుతుంది. పదో శతాబ్దంలో ఫాతిమీ ఖలీఫా అల్ ముయిజ్, సిరా తనలోనే నింపుకుని, తలకిందులుగా పెట్టినా కారకుండా, రాసేటప్పుడు మాత్రమే సిరా వదిలే కలం కావాలని కోరాడట. పనివాళ్ళు అలాంటి కలాన్ని బంగారంతో చేసి తెచ్చారని ఆయన కొలువులోని న్యాయమూర్తి అల్ నూమాన్ రాసిపెట్టాడు. ఖలీఫా పేరు చరిత్రలో ఉంది, న్యాయమూర్తి పేరు ఉంది. ఆ కలాన్ని చేసిన పనివాడి పేరు నేను చదివినంతలో ఎక్కడా కనిపించలేదు.

అరబ్బీలో తరిమెన పనివాణ్ణి ఖర్రాత్ అంటారు. మా ఇంటి ఖరాద్‌కు దూరపు చుట్టం లాంటి మాట. కైరో పాత ఇళ్ళకు మష్రబియా అనే కిటికీలుంటాయి. గాలి వస్తుంది, నీడ ఉంటుంది, లోపలివాళ్ళు బయటకు కనిపించరు. దగ్గరికి వెళ్ళి చూస్తే అదంతా ఖర్రాత్‌లు చేసిన చిన్న చిన్న గుండ్రటి చెక్క ముక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి అల్లిన పని. ఆ దేశంలో మంచి కలప కొరత. పెద్ద పలకలైతే ఎండకు బీటలు వారుతాయి. చిన్న ముక్కలైతే ఎండకూ చలికీ సర్దుకుంటాయి. కొరతలోంచి అంత అందం పుట్టింది.

మన దగ్గర ఏటికొప్పాక ఉంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో అంకుడు చెక్కను తరిమెన పట్టి బొమ్మలు చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పూతలా పట్టుకుంటుంది. ఆకులు, గింజలు, బెరళ్ళ నుంచి తీసిన రంగులు వాడతారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా అబ్బా బొటనవేలి మీది మరక కూడా ఆ లక్కదే.

ఇక నా పని సంగతి. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న లేత్ పెట్టుకున్నాను. ముప్పావు అంగుళం మందం, అయిదంగుళాల పొడవు ఉన్న చెక్క ముక్క ఒక పెన్నుకు సరిపోతుంది. కలప కోసం అడవికి పోనవసరం లేదు. పాత ద్వారబంధం టేకు, నరికేసిన చింతకొమ్మ, వేప, నల్లతుమ్మ అన్నీ పనికొస్తాయి. వేపపొడికి తుమ్ములు వస్తాయి, చింతచేవకు ఉలి త్వరగా మొద్దుబారుతుంది. ఎర్రచందనంతో చేయండని కొందరు అడుగుతారు. సరైన కాగితాలు లేకుండా ఆ కలప దగ్గర పెట్టుకోవడమే నేరం, దాన్ని నేను ముట్టుకోను. ఏ కలపైనా బాగా ఆరాలి. పచ్చి చెక్కతో చేసిన పెన్ను నెల తిరక్కుండా పగులుతుంది.

ముక్కను రెండుగా కోసి, చార ఎటు నుంచి ఎటు నడుస్తోందో పెన్సిలుతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తు మరిస్తే పెన్ను పై సగం ఒక చెట్టుదిలా, కింది సగం ఇంకో చెట్టుదిలా కనిపిస్తుంది. తర్వాత నిలువునా 7 మిల్లీమీటర్ల రంధ్రం చేయాలి. తొందరపడితే డ్రిల్లు వేడెక్కి చెక్క లోపల పగులుతుంది. కొంచెం దించి, పైకి తీసి, పొట్టు దులిపి, మళ్ళీ దించాలి. ఆ రంధ్రంలో సన్నటి ఇత్తడి గొట్టాన్ని జిగురుతో అతికించాలి. గొట్టం నున్నగా ఉంటే జిగురు పట్టదు కాబట్టి ముందు ఉప్పు కాగితంతో గరుకు చేయాలి. అంచులు సమంగా కోసి, రెండు ముక్కల్నీ ఒక ఇనుప కడ్డీకి గుచ్చి లేత్‌కు బిగించాలి.

అప్పుడు ఉలి పట్టాలి. మొదట నాలుగు పలకల ముక్క టకటకమని కొట్టుకుంటుంది. పలకలు పోయి గుండ్రం కాగానే చప్పుడు మారి సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. ఆ ఈల వింటే నాకు ఇప్పటికీ చేతిలో తాడు ఉన్నట్టే ఉంటుంది. చివరకు అంచు దగ్గర ఇత్తడి మీద మిగిలే చెక్క మందం మిల్లీమీటరు కూడా ఉండదు. తర్వాత ఉప్పు కాగితాలు. 150 నంబరుతో మొదలుపెట్టి 240, 320, 400, 600 దాకా వరుసగా పోవాలి. ఒక్కో నంబరు అయ్యాక యంత్రం ఆపి చార వెంట నిలువుగా రుద్దాలి. ఒక్క నంబరు దాటేసినా పాత గీతలు మిగిలిపోయి, మెరుగు పెట్టాక బయటపడతాయి. అవి ఎదుటివాళ్ళకు కనిపించకపోవచ్చు. చేసినవాడికి తెలుస్తుంది.

మెరుగుకు నేను లక్కే వాడతాను. కొందరు త్వరగా ఆరే జిగురు పూస్తారు. అలా పూసేవాళ్ళు నూలు గుడ్డ వాడకూడదు. ఆ జిగురు నూలుకు తగిలితే వేడెక్కి పొగలు వస్తాయి, చేయి కాలుతుంది. టిష్యూ కాగితంతో పూయాలి. చివరికి ములికి, తిప్పే మర, క్లిప్పు ఒక్కొక్కటే ఒత్తి బిగిస్తే పెన్ను తయారు.

నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఒక మాట. లేత్ ముందు వదులు చేతుల కుర్తా, వేలాడే దుపట్టా, ఉంగరం, గడియారం, చేతి తొడుగు ఏవీ ఉండకూడదు. ముఖానికి అద్దపు తొడుగు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. తిరిగే యంత్రానికి జాలి ఉండదు.

గత ఏడాది మన వీధిలోని ఒక పెద్దావిడ పాత ఉయ్యాల కమ్మీ ఒకటి పట్టుకొచ్చారు. నలుగురు పిల్లల్ని అందులో పెంచారట. మనవరాలికి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది, ఆ కమ్మీతో పెన్ను చేసిపెట్టమన్నారు. ఆ రోజు నాకు పెళ్ళికి వెళ్ళే తొందర. ఉలి మొద్దుబారిందని తెలిసీ సానపట్టకుండా పనిచేశాను. ఇక పది నిమిషాల్లో అయిపోతుందనగా ఉలి చెక్కలో చిక్కుకుని ముక్క పేలిపోయింది. పెంకులు షెడ్డంతా పడ్డాయి. వేరే చెక్కతో చేసి ఇచ్చేస్తే ఆవిడకు తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని కూడా మీ ముందు ఒప్పుకుంటున్నాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు ఆ పెంకులు కాగితంలో పొట్లం కట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పొట్లం విప్పి కాసేపు చూసుకున్నారు. లోపలికి వెళ్ళి ఇంకో కమ్మీ తెచ్చి నా చేతిలో పెట్టి "ఇదొక్కటే మిగిలింది బాబూ. నిదానంగా చెయ్యి" అన్నారు.

మా అబ్బా మాటే. ఈ పెన్నుకు వారం పట్టింది. ఆ అమ్మాయి ఇప్పుడు దానితోనే రాస్తోంది. ఈ సభలోనే ఉంది.

పెద్దలారా, మనం కలాన్ని గౌరవించే సమాజం. ఖుర్ఆన్‌లో మొట్టమొదట అవతరించిన వాక్యాల్లోనే కలం ప్రస్తావన ఉంది. ఒక సూరాకు కలం పేరే ఉంది. అలాగే దైవప్రవక్త జకరియా (అ) వడ్రంగి అని హదీసు చెబుతోంది. దావూద్ (అ) తన చేతి కష్టం మీదే తిన్నారని హదీసు చెబుతోంది. మనం మొదటి మాట బాగా గుర్తుపెట్టుకున్నాం, రెండో మాట మరిచిపోయాం. కలం పట్టుకున్న చేతికి సలాం చేస్తాం, కలం చేసిన చేతిని గుమ్మం బయట నిలబెడతాం.

ఈ మాట ఎందుకంటున్నానంటే, నాలుగేళ్ళుగా మన సొసైటీ స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే బాధ్యత నాకిచ్చారు. ఆ ఫారంలోనూ తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. ఈసారి వచ్చిన వాటిలో నాకు బాగా తెలిసిన దర్జీగారి అబ్బాయి "వ్యాపారం" అని రాశాడు. ఊరంతటికీ పరుపులు కుట్టే ఆయన కూతురు "ప్రైవేటు పని" అని రాసింది. ఆ గడి దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. ఆ పిల్లల్ని నేను తప్పుపట్టను, తప్పుపట్టే అర్హత నాకు లేదు. వాళ్ళకు ఆ సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? మన మాటల్లోంచి, మన చూపుల్లోంచి వచ్చింది. ఇంజినీరింగ్ సీటు వచ్చిన పిల్లవాడిని వేదిక మీదికి పిలుస్తాం. ఐటీఐలో టర్నర్ ట్రేడ్‌లో చేరిన పిల్లవాడి దరఖాస్తును "చూద్దాం" అని పక్కన పెడతాం. నేను కూడా మొదటి రెండేళ్ళు అలాగే పక్కన పెట్టాను. మా అబ్బా చేసిన పనే ఆ పిల్లవాడు నేర్చుకుంటున్నాడు. అది నాకు తట్టలేదు.

దాతలకు నా మనవి చిన్నదే. పుస్తకాలకు ఇస్తున్నట్టే పనిముట్లకూ ఇవ్వండి. ఒక ఉలి సెట్టు, ఒక కొలత పరికరం, ఒక కుట్టుమిషను కూడా విద్యాదానమే. ఆ పిల్లల్నీ ఈ వేదిక మీదికి పేరుపెట్టి పిలవండి. చదువుకున్న పెద్దలకు ఇంకో మనవి. రిటైరయ్యాక టీవీ ముందు కూర్చునే బదులు చేతితో ఏదో ఒక పని నేర్చుకోండి. అమెరికాలో హాబీగా తరిమెన పని చేసేవాళ్ళు, పెద్ద జబ్బులతో ఆస్పత్రుల్లో ఉన్న పిల్లల కోసం మూతలున్న చిన్న చెక్క పెట్టెలు చేసి ఉచితంగా పంపుతారు. ఒక్కో చికిత్స ఓర్చుకున్నందుకు పిల్లలకు ఇచ్చే పూసల్ని దాచుకోవడానికి ఆ పెట్టెలు. మనకూ అలాంటి దారులు బోలెడు. ఆదివారాలు నా షెడ్డు తలుపు తీసే ఉంటుంది. పిల్లలు రావచ్చు, పెద్దలూ రావచ్చు. ఉలి, చెక్క నావి. ఓపిక మాత్రం మీరు తెచ్చుకోవాలి.

ఈ రోజు పెన్ను అందుకుంటున్న పిల్లలకు చివరి మాట. మీ చేతిలోని పెన్నును అంచు దగ్గర చూడండి. నేను ఎంత రుద్దినా ఎక్కడో ఒక సన్నటి వలయం మిగిలే ఉంటుంది. అది ఒక పనివాడి జాడ. మీ ఇంట్లోనూ అలాంటి జాడలున్న చేతులు ఉంటాయి. ఫారం నింపేటప్పుడు ఒకసారి ఆ చేతుల వైపు చూసి రాయండి.

నా ఫారాన్ని మళ్ళీ నింపే అవకాశం నాకు లేదు. అందుకే మీ అందరి ముందు నోటితో చెబుతున్నాను. మా అబ్బా ఖరాదీ. మంచం కోళ్ళు, ఉయ్యాల కమ్మీలు, బొంగరాలు చేసేవారు. ఆ పని మీదే నన్ను చదివించారు. అల్లాహ్ ఆయన్ను కరుణించుగాక.